తెల్లగుర్రపు రౌతు తిరిగే కట్టల మీద

హాంబర్గ్ ఆల్టోనా స్టేషన్‌లో పొద్దున రైలెక్కితే రెండు గంటల్లో హూసుమ్. ఉత్తర సముద్రం ఒడ్డున, డెన్మార్క్ సరిహద్దుకి దగ్గర్లో ఉన్న చిన్న ఊరు, జనాభా పాతిక వేల లోపే. ఈ లైన్లో టూరిస్టులు ఎక్కువమంది ఇంకా పైకి, జ్యూల్ట్ దీవి బీచ్‌లకి పోతారు. నేను హూసుమ్ కోసమే బయల్దేరాను. థియోడోర్ ష్టోర్మ్ పుట్టిన ఊరది. జర్మన్ నేర్చుకునే రోజుల్లో క్లాసులో ఆయన కథ ఒకటి చదివించారు. అప్పట్నుంచి ఒకదాని తర్వాత ఒకటి చదువుతూ వచ్చాను. ఆయన రాసినవి ఎక్కువగా యాభై అరవై పేజీల పెద్ద కథలే కాబట్టి ఆఫీసుకి వెళ్లే మెట్రోలో కూడా చదువుకోవచ్చు.

నాతో మా తమ్ముడు కూడా వచ్చాడు. ఇక్కడే సివిల్ ఇంజనీరింగ్ మాస్టర్స్ చేస్తున్నాడు. "రచయిత ఇల్లు చూడ్డానికి అంత దూరమా అక్కా" అంటుంటే, "సముద్రానికి అడ్డంగా కట్టిన కట్టలు చూద్దువు రారా" అని వెంట తీసుకుపోయాను. మాది అనంతపురం. చెరువు కట్ట అంటే మా ఇంట్లో అందరికీ మనసు అటే లాగుతుంది.

ఇట్సెహో దాటాక హోహ్‌డోన్ దగ్గర రైలు మెల్లగా పైకెక్కి కీల్ కాలవను దాటుతుంది. కింద పెద్ద ఓడలు పోవాలి కాబట్టి ఆ వంతెన నీటికి 42 మీటర్ల ఎత్తున ఉంది. కాలవ తవ్వకం 1887లో మొదలై 1895లో పూర్తయింది. ఈ వంతెనకి తూర్పున కొంచెం దూరంలో హాడెమార్షెన్ అనే పల్లె ఉంది. ష్టోర్మ్ ఉద్యోగం మానేశాక అక్కడే ఇల్లు కట్టుకుని తన చివరి కథ రాశాడు. చుట్టుపక్కల కాలవ పనులు మొదలవుతున్న కాలంలో, ఆ పల్లెలో కూర్చుని కట్టలు వేసే మనిషి కథ రాస్తున్నాడన్నమాట. హైడె దాటాక నేల పూర్తిగా చదునైపోయింది. పొలాల మధ్య గీతలు గీసినట్టు మురుగు కాలవలు, గాలిమరలు, గొర్రెలు. ఫ్రీడ్రిష్‌టాట్ దగ్గర ఐడర్ నది దాటితే హూసుమ్ వచ్చినట్టే.

ఇంతకీ ష్టోర్మ్ ఎవరంటే, వృత్తికి లాయరు, తర్వాత జడ్జి. 1817 సెప్టెంబర్ 14న హూసుమ్ మార్కెట్ వీధిలో పుట్టాడు. తండ్రి కూడా లాయరే. కీల్‌లో, బెర్లిన్‌లో లా చదివి 1843లో సొంత ఊళ్లో ప్రాక్టీసు పెట్టాడు. వచ్చీ రాగానే పాటల బృందం ఒకటి మొదలుపెట్టాడు, తాను కూడా బాగా పాడేవాడు. 1846లో కోన్‌స్టాంజె అనే దగ్గరి బంధువుని పెళ్లి చేసుకున్నాడు. అప్పట్లో ఈ ప్రాంతం డెన్మార్క్ రాజు కింద ఉండేది. 1848 తిరుగుబాటు ఓడిపోయాక ష్టోర్మ్ కొత్త పాలనకి తల వంచలేదు. దాంతో 1852లో ఆయన లాయరు లైసెన్సు రద్దు చేశారు. పెళ్లాం పిల్లలతో ఊరు విడిచి ప్రష్యా అనే జర్మన్ రాజ్యానికి పోయాడు. పోట్స్‌డామ్‌లో మొదట జీతం లేని ఉద్యోగం. ఇల్లు గడవడానికి తండ్రి పంపే డబ్బే దిక్కు. తర్వాత హైలిగెన్‌ష్టాట్ అనే దూరపు ఊళ్లో జిల్లా జడ్జిగా ఎనిమిదేళ్లు. 1864లో డేనిష్ పాలన పోగానే ఊరివాళ్లు కబురు పెట్టి, ఆ జిల్లాకి ముఖ్య అధికారిగా తిరిగి పిలిపించుకున్నారు.

ఈ ప్రవాసం సంగతి తెలియకపోతే హూసుమ్ గురించి ఆయన రాసిన చిన్న పద్యం సగమే అర్థమవుతుంది. బూడిదరంగు సముద్రం, పక్కన బూడిదరంగు ఊరు, ఇళ్ల కప్పుల మీద పొగమంచు, అడవి లేదు, కోయిల లేదు, శరత్కాలపు రాత్రి ఒక అడవిబాతు కూత తప్ప ఏమీ లేదు, అయినా నా మనసంతా నీ మీదే అంటాడు. 1852 ప్రాంతంలో, బతుకుతెరువు ఊడబెరికిన రోజుల్లో రాసింది. ఇప్పుడు ఊరి టూరిస్టు కార్డుల మీదంతా ఆ 'బూడిదరంగు ఊరు' అన్న మాటే. మేము వెళ్లింది మార్చి మధ్యలో. కోట తోటలో లక్షల క్రోకస్ పూలు విచ్చుకుని నేలంతా ఊదారంగు. వాటి మధ్య ష్టోర్మ్ విగ్రహం. హూసుమ్‌లోనే పుట్టిన శిల్పి ఆడోల్ఫ్ బ్ర్యుట్ 1898లో చేసింది. పూల దగ్గర ఫోటోలకి క్యూ కట్టిన జనంలో ఆ విగ్రహం వైపు చూసేవాళ్లు తక్కువే. నేను మాత్రం కాసేపు ఆగి చూశాను. గడ్డం, నుదురు, కొంచెం ముందుకి వంగిన చూపు. కోర్టులో వాది చెప్పేది వింటున్న మనిషి చూపు అది.

మార్కెట్ మైదానంలో చూడాల్సినవి అర గంటలో అయిపోతాయి. పుట్టిన ఇంటి గోడ మీద ఫలకం, పెద్ద చర్చి, నీళ్ల తొట్టి మధ్యలో చెక్క చెప్పులేసుకుని తెడ్డు పట్టుకున్న ఆడమనిషి విగ్రహం. ఊరివాళ్లు ఆమెని టీనె అంటారు. ఇదీ బ్ర్యుట్ చేసిందే. అక్కణ్ణుంచి వాసర్‌రైహె వీధికి నడిచాం. రేవుకి దగ్గర్లో, ఇద్దరు ఎదురుపడితే పక్కకి జరగాల్సినంత ఇరుకు వీధి. 31వ నంబరు ఇల్లు. 1866 నుంచి 1880 దాకా ష్టోర్మ్ కుటుంబం ఇక్కడే ఉంది. ఇప్పుడు మ్యూజియం.

లోపల గదులు చిన్నవి, కప్పు తక్కువ ఎత్తు. కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడ ఈ ప్రాంతపు పలకరింపు 'మొయిన్' అని, ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగింది. ఇండియా అనగానే, ష్టోర్మ్‌వి ఏం చదివావని అడిగింది. నేను నాలుగు పేర్లు చెప్పేసరికి లేచి వచ్చి తానే ఇల్లంతా తిప్పింది. తమ్ముడికి అర్థం కావాలని నెమ్మదిగా మాట్లాడింది కూడా.

ఈ ఇంటి మీద దుఃఖం ఒకటి ఉంది. ఊరికి తిరిగొచ్చిన ఏడాదికే, 1865లో, ఏడో కాన్పు తర్వాత జ్వరంతో కోన్‌స్టాంజె చనిపోయింది. మరుసటి ఏడాది ష్టోర్మ్ డోరొటెయా యెన్‌సెన్‌ని పెళ్లాడాడు. ఆమెకీ ఆయనకీ మొదటి పెళ్లయిన కొత్తలోనే ప్రేమ ఉంది, ఊళ్లో నలుగురి నోళ్లలో పడి ఆమె అప్పట్లో ఊరు వదిలి వెళ్లింది కూడా. ఏడుగురు పిల్లల ఇంట్లోకి సవతి తల్లిగా ఆమె అడుగుపెట్టింది. 'వియోలా ట్రికలర్' అనే కథలో ష్టోర్మ్ ఇదే రాశాడు. అందులో చిన్నపిల్ల తండ్రి గదిలోకి దొంగచాటుగా వెళ్లి, చనిపోయిన తల్లి పటం దగ్గర గులాబీ పువ్వు పెట్టి వస్తుంది. కొత్త భార్యకి ఇంట్లో ఎటు చూసినా ముందావిడే. కథ ఎవరినీ చెడ్డవాళ్లని చేయదు. ఇంటాయనా, కొత్త ఇల్లాలూ, పిల్లా ముగ్గురూ మంచివాళ్లే, ముగ్గురికీ కష్టమే. సవతి తల్లి కథలు మనకి కొత్త కాదు గానీ, సవతి తల్లి వైపు నుంచి ఇంత దయగా రాసినవి నేను ఎక్కువ చదవలేదు.

మేడ మీద ఆయన రాసుకున్న గది. కిందనేమో పిల్లల చదువులు, పియానో, పాటల రిహార్సల్స్. పొద్దంతా కోర్టు. 1867లో ఈ ప్రాంతం ప్రష్యాలో కలిశాక ఆ ప్రభుత్వం పాత పదవి తీసేసి ఆయన్ని మామూలు స్థానిక జడ్జిని చేసింది. ప్రష్యా దొరతనం అంటే ఆయనకి డేనిష్ దొరతనం ఎంత నచ్చలేదో అంతా నచ్చలేదు. కోర్టులో చూసే కేసులు వారసత్వం, అప్పు, వేలం, తాకట్టు, మైనరు పిల్లల ఆస్తి. సాయంత్రం పైకొచ్చి ఈ గదిలో రాసేవాడు. ఇరవై దాకా కథలు ఈ ఇంట్లో పుట్టాయి.

జర్మన్ సాహిత్యం చదువుకున్నవాళ్లలో కొందరు ష్టోర్మ్‌ని మెత్తటి రచయిత అంటారు, వెన్నెల, తోట, పోయిన ప్రేమ. ఆయన స్నేహితుడు, తోటి రచయిత ఫోంటానె అయితే ఆయన ఊరి మమకారాన్ని 'హూసుమ్‌గిరీ' లాంటి పేరు పెట్టి ఎగతాళి చేశాడు. 'ఇమ్మెన్‌జే' అనే తొలి కథ ఒక్కటే చదివితే అలా అనిపించొచ్చు. చిన్నప్పటి స్నేహితురాలు తల్లి మాట కాదనలేక వేరేవాణ్ణి చేసుకుంటుంది, అతను ముసలితనంలో తలుచుకుంటాడు. 1849లో వచ్చిన ఆ కథ ఆయన బతికుండగానే దాదాపు ముప్పై ముద్రణలు పొందింది. నాకు మాత్రం అసలు ష్టోర్మ్ తర్వాత వచ్చినవాడే. డబ్బు ఇంట్లోవాళ్లని ఎలా విడదీస్తుందో రోజూ కోర్టులో చూసిన మనిషి.

ఒక్క ఉదాహరణ చెప్తాను. 1882లో వచ్చిన 'హాన్స్, హైన్స్ కిర్ష్' కథలో హాన్స్ ఓడ యజమాని. పైసా పైసా కూడబెట్టి పైకొచ్చినవాడు. కొడుకు హైన్స్‌ని ఊళ్లో పెద్దమనిషిని చేయాలని ఆశ. తండ్రీకొడుకులకి మాట తేడా వచ్చి కొడుకు ఓడెక్కి వెళ్లిపోయాడు. చాన్నాళ్లకి ఉత్తరం వస్తుంది. దాని మీద స్టాంపు లేదు. తీసుకునేవాడే తపాలా ఖర్చు కట్టాలి. కొడుకు దగ్గర స్టాంపుకి కూడా డబ్బు లేదంటే ఎంత దిగజారిపోయాడో అని హాన్స్‌కి కోపం. కవరు చేతిలో అటూ ఇటూ తిప్పి, విప్పకుండానే వెనక్కి పంపించేస్తాడు. తల్లి చూస్తూ ఉంటుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ ఇంట్లో జరిగే ప్రతిదీ ఈ ఒక్క పని చుట్టూ తిరుగుతుంది. కొడుకు ఏం రాశాడో పాఠకుడికి కూడా ఎప్పటికీ తెలియదు. నేను ఈ కథ చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. ష్టోర్మ్ సొంత పెద్దకొడుకు, పేరు కూడా హాన్సే, డాక్టరు చదివి తాగుడుకి బానిసై 1886లో చనిపోయాడు. కొడుకు కోసం తండ్రి ఎన్నిసార్లు డబ్బు కట్టాడో, ఎన్నిసార్లు వేడుకున్నాడో ఉత్తరాల్లో ఉంది. తన ఇంట్లో మానని పుండుని ఎదురుగా పెట్టుకుని రాసిన మనిషిని మెత్తటివాడని ఎలా అంటారు?

మధ్యాహ్నం రేవు దగ్గర కూర్చుని, సన్న రొయ్యలు పెట్టిన బన్ను తిన్నాం. ఇక్కడ రేవులో ఆటుపోట్లు బాగా తెలుస్తాయి. మేము కూర్చున్నప్పుడు పడవలు బురదలో దిగబడి ఉన్నాయి, సాయంత్రానికి అవే పడవలు నీళ్లలో తేలుతున్నాయి. తర్వాత జాంక్ట్ యుర్గెన్ శ్మశానానికి వెళ్లాం. పక్కనే వృద్ధుల సత్రం, దాని మీద కూడా ఆయన ఒక కథ రాశాడు. నిమ్మచెట్ల జాతికి చెందని, ఇక్కడివాళ్లు లిండె అనే పెద్ద చెట్ల కింద తల్లి వైపు వాళ్ల కుటుంబ సమాధి. పెద్ద రాతి పలక, అంతే. 1888 జులై 4న హాడెమార్షెన్‌లో పోతే ఇక్కడికి తెచ్చి పూడ్చారు. తన సమాధి దగ్గర పాదిరీ మాట్లాడకూడదని ముందే ఒక పద్యంలో రాసి పెట్టుకున్నాడు, అలాగే చేశారు. బతికినంత కాలం దయ్యాల కథలు ఇష్టంగా పోగుచేసిన మనిషి, చర్చి చెప్పే పరలోకాన్ని మాత్రం ఒప్పుకోలేదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో చూడాలంటే ఆయన చివరి కథ చదవాలి.

మరుసటి రోజు కారు అద్దెకి తీసుకుని ఆ చివరి కథ జరిగిన చోటికి బయల్దేరాం. పేరు 'డెర్ షిమ్మెల్‌రైటర్', అంటే తెల్లగుర్రపు రౌతు, కట్టల మీద తిరిగే దయ్యం.

హూసుమ్‌కి ఉత్తరంగా షోబ్యుల్ దగ్గర మాత్రమే ఒడ్డు సహజంగా ఎత్తుగా ఉండి కట్ట అవసరం లేదు. అది దాటితే ఎటు చూసినా కట్టే. కట్ట వెనక సముద్రం నుంచి లాక్కున్న నేల, దాన్ని కోగ్ అంటారు. ఒక కోగ్ ముందు ఇంకొకటి, దాని ముందు ఇంకొకటి. పాత కట్టలు ఇప్పుడు పొలాల మధ్య రోడ్డుగా మిగిలాయి. ఈ నేలకి జనం ఇచ్చిన వెల తక్కువేం కాదు. 1362 ఉప్పెనలో రుంగ్‌హోల్ట్ అనే రేవు పట్నం మొత్తం మునిగిపోయింది. 1634 అక్టోబర్ ఉప్పెన ఒక్క రాత్రిలో ష్ట్రాండ్ అనే పెద్ద దీవిని ముక్కలు చేసింది. ఆ దీవిలోనే 6 వేల మందికి పైగా పోయారు. ఇప్పుడున్న నోర్డ్‌ష్ట్రాండ్, పెల్‌వోర్మ్ దాని మిగులు ముక్కలు. ష్టోర్మ్‌కి ఏడేళ్లప్పుడు, 1825లో, ఇంకో పెద్ద ఉప్పెన వచ్చింది.

ఇలాంటి చోట చట్టం కూడా కట్ట నుంచే పుట్టింది. భూమి ఉన్న ప్రతివాడూ తన వాటా కట్టని తానే కాపాడాలి. చేతకాకపోతే తన పారని కట్టలో గుచ్చి, భూమి వదిలి వెళ్లిపోవాలి. ఆ పార పెరికినవాడికి భూమీ దక్కుతుంది, కట్ట బాధ్యతా మీద పడుతుంది. ఈ కట్టల మీద పెత్తనం చేసే అధికారిని డైష్‌గ్రాఫ్ అంటారు, కట్టపెద్ద అనుకోవచ్చు.

కథలో హౌకె హాయెన్ కొద్దిపాటి పొలం ఉన్న రైతు కొడుకు. చిన్నప్పుడే డచ్ భాషలో ఉన్న యూక్లిడ్ జ్యామితి పుస్తకం పట్టుకుని దానికోసం ఆ భాష నేర్చుకుంటాడు. బంకమట్టితో చిన్న కట్టలు చేసి, తొట్టిలో నీళ్లు పోసి అలలు కొట్టి చూస్తాడు. మన కట్టలు పనికిరావు, నీటివైపు మరీ నిటారుగా ఉన్నాయంటాడు. మేము కారు ఆపి కట్టెక్కింది ఇదే చూడ్డానికి. దూరం నుంచి పచ్చటి గోడలా కనిపిస్తుంది గానీ దగ్గరికెళ్తే రెండు వైపులా ఒకటి కాదు. ఊరివైపు కొంచెం నిటారు. సముద్రంవైపు ఎంత సేపు నడిచినా దిగుతూనే ఉంటుంది, మోకాళ్లకి దిగుడు అని తెలియనంత మెల్లగా.

తమ్ముడికి ఇక్కడ హుషారొచ్చింది. "చూడక్కా, అల నిటారు గోడని కొడితే బలమంతా ఆడనే దింపుతాది. ఇట్లా వాలు పెడితే పైకి పాకి పాకి అలిసిపోతాది. వెనక్కి పోయేటప్పుడు మట్టి కూడా ఎక్కువ తీసుకపోదు." గొర్రెలని చూపించి అవి మేపుకి మాత్రమే కాదన్నాడు. చిన్న గిట్టలతో తొక్కి మట్టిని గట్టి చేస్తాయి, గడ్డిని పొట్టిగా ఉంచి వేళ్లు అల్లుకునేలా చేస్తాయి. ఆవులైతే బరువుకి గుంతలు పడతాయి. ఎలుకలు, తొండాల్లాంటి ముక్కులతో తవ్వే చుంచులు చేసే బొరియలే పెద్ద టెన్షన్. నీళ్లు ముందు అక్కడే దారి వెతుక్కుంటాయి. గాలి ఎంత బలంగా ఉందంటే వాడు ఇదంతా అరిచి చెప్పాల్సి వచ్చింది. పుట్టి ఎన్నో రోజులు కాని గొర్రెపిల్లలు తల్లుల చాటున ముడుచుకుని ఉన్నాయి.

అసలు చరిత్రలో ఇలా మెల్లటి వాలు కట్టలు ఈ ప్రాంతానికి తెచ్చినవాడు జ్యాఁ ఆన్రీ దెమెర్సియేర్ అనే పద్దెనిమిదో శతాబ్దపు మనిషి. తనంతట తానే లెక్కలు నేర్చుకున్న హాన్స్ మోమ్‌సెన్ అనే రైతు కూడా ఇక్కడివాడే, కథలో అతని పేరు వస్తుంది. దయ్యం రౌతు కథేమో ఇక్కడిది కాదు, ఇప్పటి పోలాండ్‌లోని విస్తులా నది ఒడ్డుది. ష్టోర్మ్ కుర్రతనంలో ఎప్పుడో ఒక పత్రికలో చదివాడు. దాదాపు యాభై ఏళ్లు మనసులో పెట్టుకుని, తన సముద్రం ఒడ్డుకి తెచ్చి నిలబెట్టాడు.

హౌకె పాత కట్టపెద్ద దగ్గర పాలేరుగా చేరతాడు. ఆయన కూతురు ఎల్కె. ముసలాయన పోయాక కొత్త కట్టపెద్ద ఎవరన్న మాట అంత్యక్రియల భోజనాల దగ్గరే వస్తుంది. ఆ పదవికి భూమి చాలినంత ఉండాలి, హౌకెకి లేదు. అప్పుడు ఎల్కె అందరి ముందూ నిలబడి, తను హౌకెకి మాటిచ్చానని, పెళ్లికి ముందే తండ్రి నుంచి తనకొచ్చిన భూమి అతని పేర రాసిస్తానని చెబుతుంది. ఒక ప్రేమకథ తేలాల్సిన క్షణంలో పట్టా మార్పిడి మాట! జడ్జి రాసిన కథ కాబట్టే ఇలా ఉంది. నాకైతే వంద ప్రేమలేఖల కంటే ఇదే గట్టిగా తాకింది. కానీ దాంతోనే విరోధి ఓలె పేటర్స్‌కి ఒక మాట దొరుకుతుంది: మునుపటాయన తండ్రి వల్ల కట్టపెద్ద అయ్యాడు, ఈయన పెళ్లాం వల్ల అయ్యాడు. ఆ మాట హౌకెని గుచ్చి గుచ్చి కొత్త కట్ట వేసేదాకా నిద్రపోనివ్వదు.

కొత్త కట్ట ముగిసే ఘట్టం చదివినప్పుడే నాకు అనంతపురం గుర్తొచ్చింది. ఆఖరి గండి పూడుస్తున్నారు. వాన, పోటు, అరుపులు. కూలీలు ఒక చిన్న కుక్కపిల్లని పట్టుకుని గండిలోకి విసురుతారు. హౌకె గుర్రం దిగి బురదలోకి దూకి దాన్ని బయటికి తెస్తాడు. ఎవడ్రా వేసింది అంటే, కట్ట నిలవాలంటే ప్రాణమున్నదేదో లోపల పడాలంటారు. బిడ్డయితే ఇంకా మంచిది, దొరక్కపోతే కుక్కయినా సరే అంటారు.

మా ఊరి పక్కనే బుక్కరాయసముద్రం. అక్కడి చెరువు కట్ట ముసలమ్మ కట్ట. చెరువు తెగబోతుంటే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మని బలి ఇస్తేనే ఊరు నిలుస్తుందన్న మాట వచ్చింది. ఆ అమ్మాయి అందరి దగ్గరా సెలవు తీసుకుని తానే నడిచి వెళ్లింది. కట్టమంచి రామలింగారెడ్డి దాన్నే 'ముసలమ్మ మరణము' కావ్యంగా రాశాడు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, అంటే ష్టోర్మ్ పోయిన పదేళ్ల తర్వాత. ఈ ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసే వీలే లేదు. నీళ్లని మట్టితో ఆపి బతికే ప్రతి చోటా జనానికి ఒకే భయం పుట్టింది, అంతే. కట్ట మీద ఆ గాలిలో నిలబడి తమ్ముడికి ఇది చెప్తే, "మన అవ్వ కూడా చెప్పేది కదక్కా, కట్ట ఆడమనిషిని అడిగిందని" అన్నాడు.

తేడా ఎక్కడుందంటే, మా ముసలమ్మ ప్రాణం ఇచ్చి దేవతయింది. హౌకె ప్రాణం తీయనివ్వలేదు, దయ్యమయ్యాడు. కుక్కని కాపాడినందుకు ఊరు అతన్ని క్షమించలేదు. బక్కచిక్కిన తెల్లగుర్రాన్ని దారినపోయేవాడి దగ్గర కొని మేపితే, ఎదురు దిబ్బ మీద ఉండే గుర్రపు ఎముకలే లేచి వచ్చాయన్నారు. ఒక్కగానొక్క కూతురు వీన్కెకి బుద్ధి ఎదగలేదు, దాన్నీ శాపమన్నారు. హౌకె ఆ పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని గుర్రం మీద తిప్పే పేజీలు చదువుతుంటే ఇంత కఠినమైన మనిషిలో ఇంత ప్రేమా అనిపిస్తుంది. చివరికి 1756 అక్టోబర్ ఉప్పెన. కొత్త కట్ట చెక్కుచెదరలేదు. తెగింది పాత కట్ట. భర్త కోసం బండి కట్టుకొచ్చిన ఎల్కె, పాప అతని కళ్లెదుటే నీళ్లలో పోయారు. దేవుడా నన్ను తీసుకో, మిగతావాళ్లని వదిలెయ్ అని అరిచి గుర్రాన్ని గండిలోకి దూకించాడు. ప్రాణమున్నది పడాలన్నవాళ్ల మాట నెగ్గిందనుకోవచ్చు, లెక్క ప్రకారం వేసిన కట్ట వందేళ్లు నిలిచిందనీ అనుకోవచ్చు. కథ చెప్పే బడిపంతులు మాత్రం ఒక మాటంటాడు: మనకంటే తల ఎత్తుగా ఉన్నవాణ్ణి దయ్యం చేయడం ఏ రోజైనా జరిగే పనే.

ఇది రాస్తున్నప్పుడే ష్టోర్మ్‌కి కడుపులో క్యాన్సర్. నిజం చెప్పమని డాక్టరుని పట్టుబట్టి అడిగాడు. విన్నాక కుంగిపోయి కలం ముట్టలేదు. అప్పుడు డాక్టరైన తమ్ముడు ఎమిల్ ఇంకొందరు డాక్టర్లని పిలిచి మళ్లీ పరీక్ష చేయించి, క్యాన్సర్ కాదు, భయం లేదని అబద్ధం చెప్పించాడు. ఆయన నమ్మాడు. లేచి కూర్చుని 1888 ఫిబ్రవరిలో కథ ముగించాడు. ఏప్రిల్, మే నెలల్లో పత్రికలో వచ్చింది. జులైలో పోయాడు. ఈ విషయం చెప్తే మా తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు.

చివరగా ష్లుట్‌సీల్ దగ్గరి హౌకె హాయెన్ కోగ్‌కి వెళ్లాం. 1950ల చివర్లో సముద్రం నుంచి తీసుకున్న నేల. ప్రభుత్వం దానికి కథలోని మనిషి పేరు పెట్టింది. ఊరు దయ్యం చేసినవాడి పేరు ఇప్పుడు మ్యాపుల మీద, రోడ్డు బోర్డుల మీద ఉంది. సగం దాకా నీటి నిల్వ చెరువులు, వాటి నిండా వేలాది బాతులు, పక్షులు చూసేవాళ్ల బైనాక్యులర్లు.

అక్కడ మేమిద్దరం వాదులాడుకున్నాం. తమ్ముడిది ఇంజనీరు పట్టుదల. "పాత కట్ట బలహీనంగా ఉందని హౌకె ముందే చూసినాడు కదా. ఎలుక బొరియలు చూసినాడు, ప్రవాహం మళ్లి కోస్తాందని చూసినాడు. మరి పైపైన పూత పూసి ఎందుకు వదిలేసినాడు? కొత్తది వేసినంత మాత్రాన పాతదాని పూచీ పోతుందా?" నేను, అప్పటికి అతను జ్వరం పడి లేచాడు, ఏళ్ల తరబడి ఊరంతా ఎదురు నిలిచింది, ఒక్కసారి అలిసిపోయి ఓలె పేటర్స్ మాటకి తలూపాడు అన్నాను. వాడు ఒప్పుకోలేదు. బ్యాగులోంచి పుస్తకం తీసి ఆ పేజీ చూపించాను. గండి పడ్డాక, గుర్రం మీద ఒంటరిగా, నా పని నేను సరిగా చేయలేదు దేవుడా అని హౌకె తానే అంటాడు. మొత్తం కథలో ఇంకెవరూ, చివరికి ఓలె పేటర్స్ కూడా, తమ తప్పు ఒప్పుకోరు. ష్టోర్మ్ హౌకెని మహాత్ముడిగా రాసి ఉంటే నేను ఇంత దూరం వచ్చేదాన్ని కాదు. తెలివి, గర్వం, ప్రేమ, ఒక్క రోజు బలహీనత అన్నీ కలిపి రాశాడు, ఏదీ దాచలేదు.

తమ్ముడు ఆ వాక్యం జర్మన్‌లోనే రెండుసార్లు చదువుకుని, అయినా సరే ఆ బొరియలు అప్పుడే తవ్వి మట్టి కొట్టించి ఉండాల్సింది అన్నాడు. మేము రేవు దగ్గరికి వచ్చేసరికి హాలిగ్ దీవులకి పోయే పడవ వెళ్లిపోయింది. కట్టల్లేకుండా, మట్టి దిబ్బల మీద ఇళ్లు కట్టుకుని బతికే దీవులవి. ఉప్పెనప్పుడు దిబ్బలు తప్ప మిగతాదంతా నీళ్ల కింద ఉంటుంది. రుంగ్‌హోల్ట్‌ని తలుచుకుంటూ ష్టోర్మ్ అటువైపు చేసిన పడవ ప్రయాణం మీద కూడా ఒక రచన ఉంది, నేను ఇంకా చదవలేదు. కారు తిరిగి ఇవ్వాల్సిన టైమ్ దగ్గరపడుతుంటే, వేసవిలో పడవలు ఎన్నింటికి బయల్దేరతాయో తమ్ముడు బోర్డు మీద చూసి ఫోన్లో ఫోటో తీసుకున్నాడు.